దురదే కదా అనుకున్నాం

ముందుగా ఒక మాట మనవి చేసుకోవాలి. నేను డాక్టర్ని కాను. బి.కాం. చదివి, ముప్పయ్యేళ్ళకు పైగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. చర్మవ్యాధుల గురించి రాసే అర్హత నాకు లేదు. అయినా మా బావగారి విషయంలో మేమంతా కలిసి చేసిన పొరపాటు మరొక ఇంట్లో జరగకూడదనే ఉద్దేశంతో, మా అక్క అనుమతి తీసుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందులోని వైద్య విషయాలు కొన్ని ఆయనకు చికిత్స చేసిన డాక్టర్లు ఓపిగ్గా చెప్పినవి. మరికొన్ని ఆ తరువాత నేను చదివి తెలుసుకున్నవి.

మా బావగారు బరంపురంలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. మనిషి ఆరోగ్యంగా ఉండేవారు. బి.పి. లేదు, షుగరు లేదు. 2019 దీపావళి వెళ్ళాక నడుము చుట్టూ దురద మొదలైంది. పంచె కట్టు ఒరుసుకుని వచ్చిందేమో అనుకున్నారు. చలికాలం కదా, ఒంటికి నూనె పట్టిస్తే పోతుందన్నారు పెద్దలు. మా అక్క వేపాకు కాచిన నీళ్ళతో స్నానం చేయించింది. వంకాయ, గోంగూర, ఎండుచేప మాన్పించింది. పైత్యం చేసిందని ఒకరు, రక్తం చెడిందని ఒకరు, ఎవరికి తోచిన మాట వారన్నారు.

ఇంతలో 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. డాక్టర్ల దగ్గరకు వెళ్ళే వీలు లేకపోయింది. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. ఆ ట్యూబు తెచ్చి ఇచ్చింది నేనే. రాసిన మూడో రోజుకే దురద తగ్గింది. "నీ మందు భలే పనిచేసిందోయ్" అన్నారు బావగారు. నేనూ సంతోషించాను. రాయడం మానిన వారానికి దురద మళ్ళీ వచ్చింది. మళ్ళీ ట్యూబు, మళ్ళీ తగ్గడం, మళ్ళీ రావడం. అలా ఏడాదిన్నర గడిచిపోయింది. పైసా తేడా వస్తే ఆ రోజు పుస్తకాలు మూయనివ్వని ఉద్యోగం నాది. అలాంటివాణ్ణి, కళ్ళెదుట తేడా కనిపిస్తూనే ఉన్నా ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

ట్యూబులో ఏముంది?

అలాంటి ట్యూబులు చాలామంది ఇళ్ళల్లో ఉంటాయి. వాటిలో సాధారణంగా మూడు మందులు కలిపి ఉంటాయి. ఒకటి తామరకు, ఒకటి చీముకు, మూడవది స్టెరాయిడ్. మూడు రోజుల్లో దురద తగ్గించేది ఈ మూడవదే. జబ్బు ఏదైనా సరే, అది పైకి కనిపించే ఎరుపును, వాపును అణచివేస్తుంది. అడుగున ఉన్న జబ్బు మాత్రం అక్కడే ఉంటుంది. ఇలాంటి స్టెరాయిడ్ మందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. అయినా అడిగితే ఇచ్చే షాపులకూ, అడిగి తెచ్చుకునే మనకూ కొదవ లేదు.

డాక్టరుగారు నాతో ఒక మాట స్పష్టంగా చెప్పారు. ట్యూబు వల్ల ఈ జబ్బు రాలేదు. కానీ జబ్బు ముఖానికి ముసుగు వేసింది మాత్రం ఆ ట్యూబే. ఆ మాట నా మనసులో అలాగే ఉండిపోయింది.

అసలు జబ్బు ఏమిటి?

మన రక్తంలోని తెల్లకణాల్లో లింఫోసైట్లు అనేవి ఒక రకం. ఒంట్లో చొరబడే క్రిములను పట్టుకోవడం వాటి పని. వాటిలో 'టి' కణాలనే తెగ ఒకటుంది. ఈ టి కణాల్లో కొన్ని చర్మంలోనే మసలుతూ కాపలా కాస్తుంటాయి. వాటిలో ఏదో ఒక కణం అదుపు తప్పి, తన వంటి కణాలనే అదేపనిగా పెంచుకుంటూ పోతే అది చర్మంలో పుట్టే లింఫోమా, అంటే ఒక విధమైన క్యాన్సర్. వైద్యులు దీన్ని క్యుటేనియస్ టి-సెల్ లింఫోమా అంటారు.

ఇందులో ఎక్కువగా కనిపించే రకం పేరు మైకోసిస్ ఫంగాయిడీస్. ఈ పేరు వెనుక ఒక కథ ఉంది. పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో అలిబెర్ అనే వైద్యుడు 1806లో ఒక రోగిని చూశాడు. అతని ఒంటి మీద గడ్డలు పుట్టగొడుగుల ఆకారంలో లేచి ఉన్నాయి. అందుకే తరువాత ఆ జబ్బుకు అలాంటి పేరు పెట్టాడు. నిజానికి ఇందులో ఫంగస్ ఏమీ లేదు. పేరులో ఫంగస్ లాంటి మాట వినబడుతోంది గనుక ఇది తామరేనని, తామర మందు రాస్తే చాలునని మాకు ధైర్యం చెప్పినవారున్నారు. రిపోర్టులో ఈ మాట ఎప్పుడైనా కనబడితే పొరబడకండి.

మైకోసిస్ ఫంగాయిడీస్ చాలామందిలో నెమ్మదిగా నడిచే జబ్బు. మొదటి దశలో పట్టుకుంటే, సరైన వైద్యంతో దాదాపు అందరిలాగే పూర్తి ఆయుర్దాయం అనుభవించేవారు ఎందరో ఉన్నారు. అలా కాకుండా వేగంగా నడిచే రకం మరొకటుంది. అందులో చెడిన కణాలు చర్మంలోనే కాక రక్తంలో కూడా తిరుగుతుంటాయి. 1938లో ఫ్రెంచి వైద్యుడు ఆల్బెర్ సెజారీ, తన సహచరుడు బువ్రేన్‌తో కలిసి దీన్ని వర్ణించాడు. అందుకే దీనికి సెజారీ సిండ్రోమ్ అని పేరు వచ్చింది. మా బావగారికి వచ్చింది ఇదే. చర్మపు టి-సెల్ లింఫోమాలే అరుదు. వాటిలో నూటికి అయిదుగురికి మించి ఇది రాదు. సాధారణంగా అరవై దాటినవారిలో కనిపిస్తుంది. అంటువ్యాధి కాదు. తండ్రికి వస్తే కొడుక్కి వస్తుందన్న భయమూ అక్కర్లేదు.

చర్మం చెప్పిన సంగతులు

ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, ఒక్కొక్క గుర్తూ మాకు ముందుగానే కనబడింది. చదవడం చేతకాలేదు, అంతే.

మొదటిది దురద. మామూలు దురద కాదు. రాత్రి ఒంటి గంటకు లేచి కూర్చునేవారు. గోళ్ళు చాలక దువ్వెనతో గోక్కునేవారు. గజ్జి అయితే ఇంట్లో నలుగురికీ పాకాలి. ఇక్కడ ఒకే ఇంట్లో, ఒకే మంచాన పడుకునే మా అక్కకు ఒక్క పొక్కు కూడా రాలేదు.

రెండవది చోటు. ఈ జాతి లింఫోమా మచ్చలు తొలిరోజుల్లో ఎక్కువగా ఎండ తగలని చోట్ల వస్తాయి. నడుము, పిరుదులు, తొడల పైభాగం, ఆడవారికి రొమ్ముల దగ్గర. ఇవన్నీ మనం బట్ట కప్పుకునే భాగాలు. డాక్టరు దగ్గర కూడా చూపించడానికి సిగ్గుపడే భాగాలు. మా బావగారు మొదటి ఇద్దరు డాక్టర్లకూ ముంజేతులు మాత్రమే చూపించారు. ముంజేతుల మీద ఉన్నవి గోకిన గీతలే. వాళ్ళు ఎలర్జీ అనుకున్నారంటే అందులో వారి తప్పేముంది?

మూడవది ఎరుపు. 2022 ఏప్రిల్ నాటికి దురద ఒళ్ళంతా పాకింది. ఒంటి చర్మంలో నూటికి ఎనభై వంతులు, అంతకు మించి ఇలా కందిపోతే ఎరిత్రోడెర్మా అంటారు. పుస్తకాల్లో తెల్లవాళ్ళ ఫోటోలు ఉంటాయి గనుక వాటిలో ఎండ్రకాయలా ఎర్రగా కనబడుతుంది. మన చామనచాయ ఒంటి మీద అలా ఉండదు. రాగిరంగులోనో, ఊదా కలిసిన నలుపులోనో ఉంటుంది. బావగారు నల్లబడ్డారు, ఎండలో తిరుగుతున్నారు కాబోలని బంధువులు అనుకున్నారు.

నాల్గవది పొట్టు. మా అక్క రోజూ పొద్దున్నే దుప్పటి దులిపేది. చారెడు పొట్టు రాలేది. అయిదవది చలి. మే నెలలో బరంపురం ఎండ ఎలా ఉంటుందో తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. ఆ ఎండల్లో ఆయన శాలువా కప్పుకుని, ఫ్యాను ఆపమనేవారు. ఒళ్ళంతా కందినప్పుడు చర్మం వేడిని నిలుపుకోలేదట. లోపలి వేడి అంతా బయటికి పోతూనే ఉంటుందట. మేము మలేరియా ఏమోనని రక్తపరీక్ష చేయించాం.

తరువాత అరచేతులు, అరికాళ్ళు మందం కట్టి పగిలాయి. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి చెంచా పట్టుకోలేకపోయింది. గోళ్ళు దళసరిగా, గరుకుగా తయారయ్యాయి. కనుబొమల వెంట్రుకలు పలచబడ్డాయి. కింది కనురెప్పలు బయటికి వాలి, ఎప్పుడూ కళ్ళనీళ్ళు కారేవి. చివరగా చంకల్లో, గజ్జల్లో బిళ్ళలు కట్టాయి. నొప్పి లేదు గనుక వాటిని ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడ మరో విషయం కూడా చెప్పాలి. నెమ్మదిగా నడిచే మైకోసిస్ ఫంగాయిడీస్ మన దేశంలో పిల్లల్లో, యువకుల్లో తెల్లని మచ్చల రూపంలో కూడా వస్తుంది. పాలమచ్చలనో, బొల్లి అనో, కుష్ఠు అనో పొరబడడం కద్దు. కుష్ఠు మచ్చ మీద చాలాసార్లు స్పర్శ తగ్గుతుంది. దీనిలో స్పర్శ ఉంటుంది. అయితే దీన్ని ఇంట్లో తేల్చుకోకూడదు. పెళ్ళి కావలసిన పిల్ల అని మచ్చను దాచిపెట్టడం అంతకంటే ప్రమాదం. రెండింటికీ మందులున్నాయి. దాచినదానికే మందు లేదు.

మొదటి రిపోర్టు

మేము అసలు పరీక్షే చేయించలేదని కాదు. 2021 సెప్టెంబరులో ఒక చర్మవైద్యుడు బయాప్సీ తీయించాడు. అప్పటికి ఆయన ఒంటికి ట్యూబు రాసుకుంటూనే ఉన్నారు. ఆ సంగతి మేము చెప్పలేదు, వారూ అడగలేదు. రిపోర్టులో ఎగ్జిమా లాంటి మార్పులు అని వచ్చింది. క్యాన్సర్ కాదన్నమాట అని ఊపిరి పీల్చుకుని, ఆ కాగితం బీరువాలో పెట్టేశాం. ఎనిమిది నెలలు మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు.

తరువాత తెలిసిందేమంటే, సెజారీ సిండ్రోమ్‌లో చర్మపు ముక్క ఒక్కటే పరీక్షిస్తే మూడింట ఒక వంతు మందిలో ఏమీ తేలకపోవచ్చు. పైగా స్టెరాయిడ్ రాస్తూ ఉంటే అసలు మార్పులు మరుగున పడతాయి. అందుకే డాక్టరు సలహా మీద రెండు నుంచి నాలుగు వారాలు పూత మందులు ఆపి, ఒకటికి రెండు చోట్ల ముక్క తీస్తారు. అనుమానం తీరకపోతే కొన్ని నెలలాగి మళ్ళీ తీస్తారు. మొదటి రిపోర్టు తీర్పు కాదు, వాయిదా మాత్రమే.

బయాప్సీ అంటే చాలామంది భయపడతారు. కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందని మా పెద్దమ్మగారు అడ్డుపడ్డారు. అది వట్టి అపోహ. తిమ్మిరి ఇంజెక్షను ఇచ్చి, నాలుగైదు మిల్లీమీటర్ల ముక్క తీసి, ఒకటి రెండు కుట్లు వేస్తారు. పావుగంట పని. మా బావగారు అది కాగానే బయటికి వచ్చి కాఫీ అడిగారు.

వేలూరులో

2022 జూలైలో ఆయన్ని వేలూరు తీసుకెళ్ళాం. బయలుదేరే ముందు రాత్రి నేను చేసిన ఒకే ఒక మంచి పని చెబుతాను. పాత చీటీలన్నీ ముందు వేసుకుని, ఒక కాగితం మీద తేదీలవారీగా రాశాను. దురద ఎప్పుడు మొదలైంది, ఎక్కడ మొదలైంది, ఏ మందు ఎన్నాళ్ళు వాడారు, ఆపాక ఎన్నాళ్ళకు తిరగబెట్టింది. ఆయుర్వేదం పొడులు, హోమియో మాత్రలు, నేను తెచ్చిన ట్యూబులు, ఏదీ దాచలేదు. మా మేనకోడలు ఫోనులో ఉన్న పాత ఫోటోలను కూడా తేదీలతో సహా ప్రింటు తీయించింది.

అక్కడి డాక్టరమ్మకు తెలుగు కొద్దిగానే తెలుసు. మా అక్కకు తమిళం రాదు. దురద అని అక్క పదిసార్లు చెప్పింది. అరిప్పా అని ఆవిడ అడిగితే అరుపులనుకుని, "అరవరమ్మా, ఓర్చుకుంటారు" అంది. నవ్వు వచ్చింది గానీ, ఇలాంటి చోటనే రోగి చరిత్ర సగం జారిపోతుందని నాకు అర్థమైంది. పరాయి భాష మధ్య బతుకుతున్న మనవంటి కుటుంబాలకు ఆ కాగితం చాలా అవసరం. ఆవిడ దాన్ని చివరిదాకా చదివి, "ట్యూబు ఆపిన ప్రతిసారీ పెరిగింది, ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువ చోటికి పాకింది. మొత్తం ఒళ్ళు చూడాలి" అన్నారు. రెండున్నరేళ్ళలో ఆయన ఒళ్ళు మొత్తం చూసిన మొదటి డాక్టరు ఆవిడే.

ఈసారి మూడు చోట్ల బయాప్సీ తీశారు. బిళ్ళలు పరీక్షించారు. రక్తాన్ని ఫ్లో సైటోమెట్రీ అనే యంత్రంతో పరీక్షించారు. ఒక మైక్రోలీటరు రక్తంలో సెజారీ కణాలు వెయ్యి, అంతకు పైన ఉండడం ఒక గుర్తు. టి కణాల్లో సిడి4, సిడి8 అని రెండు రకాలున్నాయి. మొదటిది రెండవదానికి పదింతలు, అంతకు మించి ఉండడం మరొక గుర్తు. చర్మంలోనూ రక్తంలోనూ ఉన్నవి ఒకే కణం సంతానమా అని కూడా చూస్తారు. మూడూ సరిపోయాయి. బావగారు రిపోర్టు అడిగి తీసుకుని చదివారు. "లెక్క ఇప్పటికి కుదిరింది" అన్నారు. ఆయన గొంతులో భయం కంటే తేలిక ఎక్కువగా వినబడింది. రెండున్నరేళ్ళుగా ఆయన దురదను మేమంతా మనోవ్యాధి కింద కూడా కట్టేశాం మరి.

చికిత్స

మెథోట్రెక్సేట్, ఇంటర్‌ఫెరాన్ ఇచ్చారు. ఫోటోఫెరిసిస్ అనే పద్ధతి గురించీ చెప్పారు. రక్తంలోని తెల్లకణాలను వేరుచేసి, వాటికి సోరలెన్ జాతి మందు కలిపి, అతినీలలోహిత కాంతి చూపించి తిరిగి ఎక్కిస్తారు. 1987లో అమెరికా వైద్యుడు రిచర్డ్ ఎడెల్సన్ బృందం దీని ఫలితాలు ప్రకటించింది. మన బావంచాల గింజల్లో ఉన్నది కూడా ఈ సోరలెన్ జాతి పదార్థమేనని చదివి ఆశ్చర్యపోయాను. అలాగని గింజలు నూరి రాసుకుంటే ఒళ్ళు కాలుతుంది సుమా. 2018లో అమెరికాలో మొగములిజుమాబ్ అనే మందుకు కూడా ఈ జబ్బులో అనుమతి లభించింది. కొందరికి మూలకణాల మార్పిడి చేస్తారు. ఎవరికి ఏది తగునో నిర్ణయించవలసింది డాక్టర్లే.

డాక్టర్లు మాకు అబద్ధపు ఆశ పెట్టలేదు. సెజారీ సిండ్రోమ్ వచ్చినవారిలో చాలామంది కొన్నేళ్ళకు మించి ఉండరని చెప్పారు. పగిలిన చర్మం గుండా క్రిములు రక్తంలోకి పోవడమే పెద్ద ప్రమాదమని, జ్వరం వస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దని చెప్పారు. మా అక్క రోజుకు మూడుసార్లు ఒంటికి వాసెలిన్ రాసేది. మెత్తని నూలు బట్టలే వేసేది.

మూడో నెలకు దురద సగం తగ్గింది. ఒక రోజు పొద్దున్నే అక్క ఫోను చేసి, "తమ్ముడూ, రాత్రి మీ బావ తెల్లవార్లూ నిద్రపోయార్రా" అని ఏడ్చింది. 2023 విజయదశమికి మనవరాలి చేత ఆయనే అక్షరాభ్యాసం చేయించారు. పళ్ళెంలోని బియ్యంలో ఓనమాలు దిద్దిస్తుంటే ఆయన వేళ్ళ పగుళ్ళు మానిపోయి కనబడ్డాయి. 2025 జనవరిలో, సంక్రాంతికి ముందు, జ్వరం వచ్చి రక్తంలో విషం చేరి పోయారు. ఏడాదిన్నర ముందే జబ్బు పట్టుకుని ఉంటే బతికేవారా అని నేను డాక్టరమ్మను అడిగాను. ఆ మాట ఎవరూ చెప్పలేరన్నారు. "కానీ అన్ని రాత్రులు నిద్ర లేకుండా గడపనక్కర్లేకపోయేది" అన్నారు.

మనం చేయవలసినవి

దురద వచ్చిన ప్రతివారికీ ఈ జబ్బు ఉందని కాదు. నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా అది గజ్జో, తామరో, ఎలర్జీయో అయి ఉంటుంది. ఒళ్ళంతా కందినా ఎక్కువగా సోరియాసిస్, ఎగ్జిమా, లేదా ఏదో మందు పడకపోవడమే కారణం. భయపెట్టాలని నేను రాయడం లేదు. ఈ కింది నాలుగు సంగతులు మాత్రం గుర్తుంచుకోండి.

1. మూడు నాలుగు నెలలు సరిగా మందు వాడినా తగ్గని మచ్చ, దురద ఉంటే, ఆపగానే తిరగబెడుతుంటే, చర్మవైద్యుణ్ణి కలిసి "బయాప్సీ అవసరమా?" అని మీరే అడగండి. యాభై దాటాక మొదటిసారిగా ఎగ్జిమా వచ్చిందన్నా ఈ ప్రశ్న అడగడం మంచిది. ఎగ్జిమాకు ఇప్పుడు డూపిలుమాబ్ వంటి ఇంజెక్షన్లు వచ్చాయి. ఎగ్జిమా అనుకుని అవి వాడాక అడుగున దాగిన లింఫోమా బయటపడిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

2. ఒళ్ళు మొత్తం చూపించండి. మగ డాక్టరు దగ్గర ఇబ్బంది అయితే ఆడ డాక్టరు కావాలని అడగండి. చంకల్లో, గజ్జల్లో బిళ్ళలు ఉంటే నొప్పి లేకపోయినా చెప్పండి.

3. వాడిన ట్యూబులన్నీ సంచిలో వేసి తీసుకెళ్ళండి. తేదీల కాగితం రాసుకోండి. నెలకొకసారి అదే చోట, అదే వెలుతురులో ఫోటో తీసి ఉంచండి.

4. మొదటి బయాప్సీలో ఏమీ లేదని వచ్చినా, జబ్బు తగ్గకపోతే మళ్ళీ వెళ్ళండి. రిపోర్టు బీరువాలో పెట్టి తాళం వేయకండి.

మా ఇంట్లో మందుల డబ్బాలో ఆ ట్యూబు ఒకటి ఇంకా మిగిలి ఉంటే మొన్న తీసి పారేశాను. మీ ఇంట్లో కూడా ఒకసారి వెతకండి. దాన్ని ఎవరు వాడుతున్నారో, ఎన్నాళ్ళుగా వాడుతున్నారో అడగండి. జవాబు నెలల్లో వస్తే, ఈ వారంలోనే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి.